పూతరేకుల సైటు ఏ సర్వర్లో పెట్టాలి?

ఏమ్మా, ఆత్రేయపురం అత్తయ్య పూతరేకులు అమ్మడానికి సైటు కడుతున్నావట! మంచిదే. 2023లో ఆ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, కొనేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ‘హోస్టింగు నెలకి వంద రూపాయల్లోపే ఇస్తున్నారు తాతయ్యా, తీసుకోనా?’ అంటున్నావు. ధర సంగతి తర్వాత. ముందు ఏం కొంటున్నామో చూద్దాం.

సైటంటే కొన్ని ఫైళ్లే. ఎవరు ఏ వేళ అడిగినా వాటిని తీసి పంపే కంప్యూటరు సర్వరు. అందులో నీకు కాస్త చోటు అద్దెకివ్వడమే హోస్టింగు. చౌక పథకాల్లో ఒకే సర్వరు మీద వందల సైట్లుంటాయి. పక్క సైటుకి ఒక్కసారిగా జనం వచ్చిపడితే నీ పేజీ నత్తనడక నడుస్తుంది. దాళ్వాలో ఎగువవాళ్లు తూములెత్తేస్తే శివారు చేలకి నీరందదు చూడు, అలాగన్నమాట. సంక్రాంతి ముందు ఆర్డర్లు పెరిగినప్పుడు పెద్ద పథకానికి వెంటనే మారనిస్తారా అని ముందే అడుగు.

సర్వరు ఎక్కడుందన్నదీ ముఖ్యమే. సమాచారాన్ని మోసే గాజు తీగలో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అమలాపురం నుంచి ముంబైకి సూటిగా దాదాపు 1,000 కిలోమీటర్లు. పోయి రావడానికి సెకనులో నూరోవంతు చాలు. అమెరికా తూర్పు తీరమైతే 13 వేల పైమాటే, అంటే పదమూడు రెట్లు ఆలస్యం. ఒక్క పేజీ తెరుచుకోవడానికి ఇలాంటి రాకపోకలు చాలా జరుగుతాయి. కొనేవాళ్లు ఎక్కువమంది హైదరాబాదు, బెంగళూరుల్లో ఉంటే సర్వరు మన దేశంలోనే ఉండనీ.

‘99.9 శాతం సమయం సైటు నడుస్తుందని గ్యారంటీ ఇస్తున్నారు కదా!’ ఆయ్, లెక్క కట్టి చూడు. ఏడాదికి 8,760 గంటలు. అందులో 0.1 శాతమంటే పావు తక్కువ తొమ్మిది గంటలు. అంతసేపు సైటు మూతబడినా వాళ్లు మాట తప్పినట్టు కాదు. 99 శాతమే అన్నారనుకో, మూడున్నర రోజులు దాటుతుంది. తప్పినా ఇచ్చేది సాధారణంగా బిల్లులో కాస్త తగ్గింపే, పోయిన ఆర్డర్లకి పరిహారం కాదు.

మన నెట్ ఆగడం వేరు, సర్వరు ఆగడం వేరు. 2022 మే 24న అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పని చేసేవాళ్లు సిగ్నల్ కోసం జిల్లా దాటి వెళ్లారు. అలాంటప్పుడు కూడా ముంబై సర్వర్లో ఉన్న సైటు డల్లాస్‌లో మామూలుగానే తెరుచుకుంటుంది. ఆర్డరు వచ్చిపడుతుంది, చూసుకునే దారి మనకే ఉండదు. అందుకే సైటు తెరుచుకోకపోతే కంపెనీని తిట్టే ముందు వేరే ఊళ్లో ఉన్నవాళ్లని ఓసారి చూడమను.

పెద్ద కంపెనీ అయితే బెంగ లేదనుకోకు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ క్లౌడ్ అనే పెద్ద సంస్థ డేటా సెంటరు భవనం ఒకటి కాలిపోయింది. లక్షల సైట్లు ఆగిపోయాయి. వేరేచోట కాపీ ఉన్నవాళ్లు మళ్లీ నిలబెట్టుకున్నారు. బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్న కొందరికి రెండూ పోయాయి.

కాబట్టి కొనేముందు ఓ రాత్రి పదింటికి హోస్టింగు కంపెనీకో ప్రశ్న పంపు. ఎంతసేపటికి, ఎంత తెలివిగా జవాబిస్తారో చూడు. రెండో ఏడాది ధరెంతో అడుగు, మొదటి ఏడాది చవక చూపించి తర్వాత రెట్టింపు చేసేవాళ్లున్నారు. మూడేళ్లకి ఒకేసారి కట్టేయకు. సైటు చిరునామా, అంటే డొమైన్ పేరు, అత్తయ్య పేరునే రిజిస్టరు చేయించు, సైటు కట్టిచ్చిన కుర్రాడి పేరున వద్దు. వారానికోసారి బ్యాకప్ దించి ఇంట్లో హార్డ్ డిస్కులో పెట్టు. అది మళ్లీ తెరుచుకుంటోందో లేదో అప్పుడప్పుడూ వేరే కంప్యూటర్లో వేసి చూడు.

పేరూ ఫైళ్లూ నీ చేతిలో ఉన్నంతకాలం ఏ కంపెనీ చెడ్డదని తేలినా రెండు రోజుల్లో ఇంకోదానికి మారిపోవచ్చు. అవి వాళ్ల దగ్గరే చిక్కుకుంటే ఎంత మంచి కంపెనీతోనైనా ఇబ్బందే.