కనిపించని ఆ ఎరుపు!

కాలేజీ రోజుల మాట. క్లాసులు ఎగ్గొట్టి నలుగురు స్నేహితులం సికింద్రాబాదులో ఓ మార్నింగ్ షోకి దూరాం. చిత్రం ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’. ప్రింటు గీతలు పడిపోయి ఉంది. మీనాకుమారి తాగిన మత్తులో మంచం మీద వాలి, భర్తను వెళ్లొద్దని పాటలో బతిమాలే ఘట్టం రాగానే మా వరసలోంచి ఒకటే ఈలలు! అందులో నాదీ ఒకటి. ముందు సీట్లో ఉన్న పెద్దావిడ వెనక్కి తిరిగి, ‘‘ఆమె సరదాకు తాగుతలేదు బిడ్డా!’’ అంది. అంతే, నా ఈల గొంతులోనే ఆగిపోయింది.

ఆ తర్వాత ఆ చిత్రాన్ని ఎన్నిసార్లు చూశానో నాకే లెక్కలేదు.

బిమల్ మిత్ర బెంగాలీ నవల దీనికి మూలం. 1956లో ఉత్తమ్‌కుమార్‌తో బెంగాలీలోనే ఒకసారి తెరకెక్కింది. 1962లో గురుదత్ హిందీలో నిర్మించారు. దర్శకుడిగా తెర మీద పడిన పేరు అబ్రార్ అల్వీది. పాటలు మాత్రం గురుదత్తే తీశారని అంటారు. సరే, ఆ తగువు మనకెందుకు?

పంతొమ్మిదో శతాబ్దం చివరినాటి కలకత్తా. పల్లెటూరి భూత్‌నాథ్ ఓ జమీందారుల హవేలీలో తల దాచుకుంటాడు. అక్కడి దొరలకి పావురాల పందేలు, పిల్లికి పెళ్లిళ్లు! చిన్న దొర (రెహమాన్) రాత్రి అయితే చాలు నాట్యకత్తె ఇంట్లో తేలతాడు. ఇంటి గడియారాలకి కీ ఇచ్చే పిచ్చి ముసలాయన ఒకడున్నాడు చూడండి, ఆ వేషం వేసింది హరీంద్రనాథ్ చటోపాధ్యాయ. మన హైదరాబాదులో పుట్టినాయనే, సరోజినీ నాయుడు తమ్ముడు.

భూత్‌నాథ్ పనిచేసేది ‘మోహినీ సిందూరం’ తయారుచేసే కార్ఖానాలో. అది పెట్టుకుంటే మొగుడు వశమవుతాడని ప్రచారం! చిన్న కోడలు అది తెప్పించుకోవడానికే అతన్ని పిలిపిస్తుంది. గదిలోకి వచ్చిన భూత్‌నాథ్ తల ఎత్తడు. మనకీ అంతే: ముందు తివాచీ, తర్వాత ఆమె పాదాలు, గొంతు. చివరికెప్పుడో అతను తలెత్తితే, అప్పుడు ఆ ముఖం! అన్నాళ్లు మీనాకుమారిని చూసిన ప్రేక్షకులు కూడా ఆమెను అప్పుడే కొత్తగా చూసి ఉంటారు.

చిత్రం బ్లాక్ అండ్ వైట్. సిందూరం ఎరుపు ఎక్కడా కనపడదు. అయినా ఆ ఎరుపే కథంతా నడిపిస్తుంది. సిందూరం పనిచెయ్యదు. తనతో కలిసి తాగగలవా అంటాడు మొగుడు. గడప దాటని ఆ ఇల్లాలు ఆ పనీ చేస్తుంది. ఆమె తాగడం మొగుణ్ణి ఇంట్లో నిలుపుకోవడానికి చేసే పూజలాంటిదే. అదే ఆ రోజు మాకు తెలియలేదు. గీతాదత్ గొంతులో ఆ పాట మళ్లీ వినండి. అందులో సరసం కంటే భయమే ఎక్కువ.

ఛాయాగ్రహణం వి.కె. మూర్తి. నాట్యకత్తె ఇంట్లో పాట ఒకటుంది. ముందున్న మీనూ ముంతాజ్ మీద వెలుగు, వెనక ఆడే అమ్మాయిల ముఖాలన్నీ చీకట్లో! 2008 సంవత్సరానికి ఫాల్కే అవార్డు అందుకున్నారాయన. ఛాయాగ్రాహకుల్లో అది మొదట దక్కింది ఆయనకే.

‘రోజులు మారాయి’లో ఏరువాక పాటకి ఆడిన మన వహీదా రెహమాన్ ఇందులో జబా. ఛోటీ బహూ వేషమే ఆమె కోరుకున్నారట. మరీ చిన్నపిల్లలా ఉందని ఇవ్వలేదట. జబా అల్లరి లేకపోతే ఆ హవేలీ చీకటి మనం భరించలేం, కాబట్టి నాకేం ఫిర్యాదు లేదు.

నవల హిందీ అనువాదం తర్వాత సంపాదించి చదివాను. అందులో కలకత్తా చరిత్ర బోలెడంత. చిత్రంలో అదంతా పోయింది. కాని కూలుతున్న ఆ హవేలీ శిథిలాల కింద దొరికే అస్థిపంజరం, దాని చేతికున్న కంకణం చూశాక, పోయిన పేజీల కోసం నేను వెతుక్కోలేదు.

చూడని వాళ్లుంటే ఒక్క మాట. సెల్‌ఫోనులో మాత్రం చూడకండి. మూర్తిగారి నీడలు అరచేతిలో ఇమడవు.