పెళ్ళివారిని విడిదికి చేర్చేదెలా?

పెళ్ళి అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేవి పట్టుచీరలు, బంగారం, వంటవాళ్ళు, మేళం. శుభలేఖలో 'సకుటుంబ సపరివారంగా విచ్చేసి' అని అందంగా అచ్చు వేయిస్తాం. ఆ విచ్చేసేది ఎలాగో మాత్రం ఎక్కడా వేయించం! 'ఆఁ, అంత పెద్ద వూళ్ళో బండ్లకేం కరువు, వాళ్ళే వస్తార్లే' అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. దాని ఫలితం ఏమయిందో ముందు చెప్పి, తరువాత అసలు విషయానికి వస్తాను.

2025 మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి హైదరాబాద్‌లోనే చేశాం. తెనాలి నుంచి మా పిన్ని ఒక్కతే రైల్లో బయలుదేరింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. 'స్టేషనుకు మనిషిని పంపుతాను పిన్నీ' అని ఫోనులో ధైర్యం చెప్పాను. మా మరిది కొడుకు తెల్లవారుజామున నాలుగింటికే వెళ్ళి సికింద్రాబాద్ స్టేషన్లో నిలబడ్డాడు. పిన్ని ఎక్కిన రైలేమో చర్లపల్లిలో ఆఖరు. టిక్కెట్టు మీద ఆ పేరు స్పష్టంగానే వుంది. నేనే అడగలేదు. నా చిన్నప్పటినుంచీ స్టేషనంటే నాకు సికింద్రాబాదే మరి!

పిన్ని ఫోనులో చార్జింగ్ అయిపోయింది. అరిసెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని బల్లమీద కూర్చుండిపోయింది. చివరికి ఎవరో ఆడపిల్ల తన ఫోను ఇస్తే, పిన్నికి నోటికి వచ్చిన నెంబరు ఒక్కటే, తెనాలిలో వున్న మా బాబాయిది. ఆయన అక్కణ్ణించి మాకు ఫోను చేశాడు. పిన్ని మండపానికి చేరేసరికి మంగళసూత్రధారణ అయిపోయింది, తలంబ్రాలూ అయిపోయాయి. 'పోనీలేవే అమ్మాయ్, అప్పగింతలకైనా అందాను' అంది. కోప్పడి వుంటే బాగుండేది. లక్షలు ఖర్చుపెట్టి చేసిన పెళ్ళిలో ఆ ఒక్క మాట నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే వుంది.

అందుకే చెబుతున్నాను. వంట సామానుకు ఎంత శ్రద్ధగా చీటీ రాస్తామో, రాకపోకలకూ అంత శ్రద్ధగా రాసుకోవాలి. దీనికి పెద్ద చదువులేం అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు చాలు.

పెళ్ళికి పదిహేను రోజుల ముందే ఆ పుస్తకంలో గళ్ళు గీసుకోండి. ఎవరు, ఎంతమంది, ఏ స్టేషనులో లేక ఏ బస్‌స్టాండులో దిగుతారు, ఏ రోజు ఎన్ని గంటలకు, ముసలివాళ్ళూ చంటిపిల్లలూ వున్నారా, తిరుగు ప్రయాణం ఎప్పుడు? అందరికీ ఫోను చేసి, 'టిక్కెట్టు చూసి చదవండి' అని అడగండి. జ్ఞాపకంమీద చెప్పనివ్వకండి.

ఉదాహరణకు పై వూళ్ళ నుంచి 90 మంది వస్తున్నారనుకుందాం. 30 మంది సొంత కార్లలో వస్తారు. మిగిలిన 60 మందిలో సికింద్రాబాద్‌లో 22 మంది, ఇమ్లీబన్‌లో 14 మంది, చర్లపల్లిలో 12 మంది, కాచిగూడలో 8 మంది, విమానాశ్రయంలో నలుగురు దిగుతారనుకోండి. ఇలా విడగొట్టగానే భయం సగం తగ్గుతుంది. సికింద్రాబాద్‌లో దిగే 22 మంది రెండు రైళ్ళలో, రెండు గంటల తేడాతో వస్తున్నారా? విడిది దగ్గరైతే పన్నెండు సీట్ల వ్యాను ఒక్కటే రెండుసార్లు తిరుగుతుంది. రెండు వ్యాన్లు మాట్లాడుకోనక్కర్లేదు.

ఇక మన వూరి సంగతి. హైదరాబాద్‌కు స్టేషను ఒక్కటి కాదు. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి వున్నాయి. వీటికి తోడు చర్లపల్లిలో 2025 జనవరిలో కొత్త టెర్మినల్ ప్రారంభమయింది. సికింద్రాబాద్ స్టేషన్ను కొత్తగా కట్టే పనుల వల్ల కొన్ని రైళ్ళను అక్కడికీ, ఇతర స్టేషన్లకూ మార్చారు. టిక్కెట్టు మీద 'హైదరాబాద్ దక్కన్' అని వుంటే అది నాంపల్లి అని తెలుసుకోండి. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చే రైళ్ళు చాలావరకు కాచిగూడకు వస్తాయి.

బస్సులూ అంతే. ఇమ్లీబన్ అని మనం పిలిచే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ ఒకటి, సికింద్రాబాద్‌లో జూబిలీ బస్‌స్టేషన్ మరొకటి. విజయవాడ బస్సులో వచ్చేవాళ్ళ విడిది దిల్‌సుఖ్‌నగర్ వైపు అయితే ఎల్.బి.నగర్‌లో దిగడమే మేలు. వరంగల్ నుంచి వచ్చేవాళ్ళకు ఉప్పల్ దారిలోనే తగులుతుంది. ఆఖరుదాకా పోయి మళ్ళీ వెనక్కి రావడమెందుకు?

విమానాశ్రయం 2008 మార్చి నుంచి శంషాబాద్‌లో వుంది. అక్కడికి మెట్రో ఇంకా వెళ్ళదు. ఆర్టీసీ వారి పుష్పక్ బస్సులున్నాయి. సామాను పెట్టుకోవడానికి వీలు, కారు కిరాయితో పోలిస్తే ఒకరిద్దరికి చవక. నలుగురుంటే మాత్రం లెక్క వేసి చూడండి, కారే నయం కావచ్చు.

మెట్రో రైలు 2017 నవంబరులో మొదలయింది. మూడు దారులు. మియాపూర్ నుంచి ఎల్.బి.నగర్‌కు ఎర్ర దారి, నాగోల్ నుంచి రాయదుర్గానికి నీలి దారి, జూబిలీ బస్‌స్టేషన్ నుంచి ఇమ్లీబన్‌కు ఆకుపచ్చ దారి. ఎరుపు, నీలం కలిసేది అమీర్‌పేటలో. ఎరుపు, ఆకుపచ్చ కలిసేది ఇమ్లీబన్‌లో. నీలం, ఆకుపచ్చ కలిసేది పరేడ్ గ్రౌండ్ దగ్గర. ఈ మూడు కూడళ్ళు గుర్తుంటే వూరంతా గుర్తున్నట్టే. నాంపల్లి రైలు స్టేషన్ ఎదురుగానే మెట్రో వుంది, సికింద్రాబాద్ స్టేషన్ పక్కన కూడా వుంది. అయితే ఉదయం ఆరు ప్రాంతంలోగానీ మొదలవదు, రాత్రి పదకొండు దాటితే నమ్ముకోలేం. తెల్లవారుజాము ముహూర్తాలకు పనికిరాదన్నమాట. పెద్ద పెద్ద సామాన్లు వేసుకుని ఎక్కనివ్వరు కూడా. చేతిసంచీతో వచ్చే కుర్రకారుకు, సాయంత్రం రద్దీలో రిసెప్షనుకు వచ్చే ఆఫీసువాళ్ళకు దీన్ని మించింది లేదు. శుభలేఖలో మండపం అడ్రసు కింద 'దగ్గరి మెట్రో స్టేషను ఫలానా' అని ఒక్క ముక్క వేయించండి. ఖర్చేమీ లేదు, ఎన్ని కార్లు తగ్గుతాయో చూడండి.

బస్సు టిక్కెట్టు సంగతి ఒకటి చెప్పాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. అయితే తెలంగాణ అడ్రసు వున్న గుర్తింపు కార్డు చూపాలి. ఆంధ్రా నుంచి వచ్చిన మీ వదినగారికి ఇక్కడ టిక్కెట్టు తప్పదు. ముందే చెప్పి పంపండి. కండక్టరు ముందు ఆవిడ చిన్నబోకుండా వుంటుంది.

ఆటోగానీ కారుగానీ ఫోనులో పిలిపిస్తే మూడు మాటలు గుర్తుంచుకోండి. ఫోనులో వచ్చిన నెంబరూ, బండి నెంబరూ ఒకటేనా చూడాలి. 'ఎవరి కోసం వచ్చారు?' అని డ్రైవరునే అడగాలి, మన పేరు మనం ముందు చెప్పకూడదు. ఎక్కాక బండి నెంబరు ఇంటికి పంపాలి. రాత్రి పొద్దుపోయాక ఆడపిల్లలను పంపేటప్పుడు ఇది మరవకండి.

బండ్లు అద్దెకు మాట్లాడేటప్పుడు నెంబరు ప్లేటు చూడండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది అద్దెకు తిప్పే బండి. తెల్ల ప్లేటు సొంత కారు. 'వంద తక్కువకు మా వాడి కారు పంపిస్తా' అంటే ఆశపడకండి. సొంత కారును అద్దెకు తిప్పడం చట్టం ఒప్పుకోదు. జరగరానిది జరిగితే బీమా వాళ్ళు మొండికేసే ప్రమాదం వుంది.

బేరం నోటిమాట మీద వదలకండి. కిలోమీటరుకెంత, రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లు కట్టాలి, లెక్క మన ఇంటి దగ్గర మొదలవుతుందా వాళ్ళ షెడ్డు దగ్గరా, టోలు, పార్కింగు, డ్రైవరు బత్తా ఎవరివి, రాత్రి అదనమా? ఇవన్నీ ఒక కాగితం మీద రాయించుకోండి. నూటికి తొంభై తగాదాలు ఆ షెడ్డు లెక్క దగ్గరే పుడతాయి. ఒకే వూరి నుంచి నలభై యాభై మంది వస్తుంటే ఆర్టీసీ బస్సునే పెళ్ళికి అద్దెకు తీసుకోవచ్చు. డిపోలో అడిగితే వివరాలు చెబుతారు. అద్దెతో పాటు ధరావతు ఏమైనా కట్టాలా అన్నదీ అక్కడే అడగండి. ముహూర్తాల రోజుల్లో బస్సులు దొరకవు, ముందుగానే మాట్లాడుకోండి. పెద్ద బస్సు మండపం సందులోకి తిరుగుతుందా, ఎక్కడ నిలపాలి అన్నది కూడా ముందే చూసి రమ్మని మీ వారిని పంపండి.

తేదీ కుదిరాక వూళ్ళో ఆ రోజు ఏముందో కూడా చూసుకోవాలి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్. సాయంత్రం అటు వైపు మండపమైతే అతిథులను గంట ముందు బయలుదేరమనాలి. మాఘమాసం ముహూర్తాలు కొన్ని ఆ రోజుల్లో పడవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది డ్రైవరు. రాత్రంతా బస్సు నడిపి తెచ్చినవాణ్ణి, భోజనం కాగానే మళ్ళీ తిప్పి పంపుతాం. పెళ్ళి బస్సుల ప్రమాదాలు పేపర్లో చదివి 'అయ్యో' అనుకుంటాం. ఆయనకు మొదటి పంక్తిలోనే వడ్డించి, పడుకోవడానికి ఒక చాప, ఒక ఫ్యాను చూపించండి. ఆయన నిద్ర మీద నలభై మంది ప్రాణాలు ఆధారపడి వున్నాయి. రాత్రి దూరప్రయాణమైతే రెండో డ్రైవరు వుంటేనే ఒప్పుకోండి. ఆ ఖర్చుకు వెనకాడకండి. పూలదండల్లో తగ్గించుకోవచ్చు.

చివరిగా ఒక చిన్న పని. ఒంటరిగా వచ్చే పెద్దవాళ్ళకు పెద్ద అక్షరాలతో చీటీ రాసి శుభలేఖతోనే పంపండి. దిగే స్టేషను పేరు, విడిది అడ్రసు, ఇద్దరి ఫోను నెంబర్లు. ఫోనులో చార్జింగ్ అయిపోతుంది, చీటీకి ఆ బాధ లేదు. ఎదురు వెళ్ళే కుర్రవాడికీ అదే చీటీ నకలు ఇవ్వండి.

ఈ ఏడాది మా చిన్నవాడి ఒడుగు చేశాం. పిన్నికి అలాంటి చీటీయే పంపాను. ఈసారి చర్లపల్లికి ఎవరినో పంపలేదు, నేనే వెళ్ళాను. రైలు దిగుతూనే పిన్ని చీటీ చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసి, నన్ను చూడగానే నవ్వి, 'ఇదేమిటే, ఇంట్లో అంత పని పెట్టుకుని నువ్వొచ్చావు?' అంది.

ఇదీ పనే కదా పిన్నీ అన్నాను.