గది అద్దె పరిమితి - అనుపాత కోత

ఆరోగ్య బీమా పాలసీలో మీరు ముందుగా గమనించవలసిన పదం 'గది అద్దె పరిమితి'. అనేక పాలసీలలో ఇది రోజుకు బీమా మొత్తంలో 1 శాతం. ఉదాహరణకు, బీమా మొత్తం రూ. 3,00,000 అయితే పరిమితి రూ. 3,000. మీరు రోజుకు రూ. 6,000 అద్దె గల గదిలో 2 రోజులు ఉన్నారనుకుందాం. అద్దె రూ. 12,000లో బీమా సంస్థ చెల్లించేది సగమే. గదిస్థాయిని బట్టి డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు కూడా పెరుగుతాయి. కనుక అవి రూ. 60,000 అయితే, అదే నిష్పత్తిలో రూ. 30,000 మాత్రమే లభిస్తుంది. దీనినే 'అనుపాత కోత' అంటారు. మందులు, ఇంప్లాంట్లు, రోగనిర్ధారణ పరీక్షలకు ఇది వర్తించదు. అందువల్ల గదిని ఎంచుకునే ముందే పాలసీలోని ఈ నిబంధనను చూసుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై రెండు ఖర్చులలో రోగి సొంతంగా భరించవలసిన మొత్తం ఎంత?

జవాబు: రూ. 6,000 + రూ. 30,000 = రూ. 36,000.