తెర మీద తుడవవలసింది ఎంత?



ఈనాటి మాట కంప్యూటరు గురించి. "అది మా అబ్బాయి వ్యవహారం, మాకెందుకమ్మా" అని రేడియో కట్టెయ్యకండి. జాకెట్ల మీద మగ్గం పనికి డిజైన్లు గీసేవాళ్ళు, శుభలేఖలు తయారు చేసేవాళ్ళు, ముగ్గులు తెర మీదే గీసి దాచుకునేవాళ్ళు ఇప్పుడు మనలో ఎంతోమంది వున్నారు. ఇంటిపట్టున వుండి నాలుగు డబ్బులు సంపాదించుకునే ఇల్లాలికి బొమ్మలు గీసే ప్రోగ్రాం కుట్టుమిషను లాంటిది. మిషను పనిచేసే తీరు కాస్త తెలిస్తే, దారం తెగినప్పుడు కంగారు పడం. ఇదీ అంతే.

ఆ ప్రోగ్రాం క్షణక్షణమూ తనను తాను వేసుకునే ప్రశ్న ఒకటి వుంది. "ఇప్పుడు తెర మీద ఎంత మేర మళ్ళీ గీయాలి?" అన్నదే ఆ ప్రశ్న. దీనికి జవాబు ఎలా కట్టుకుంటుందో చూద్దాం.

వాకిట్లో పెద్ద ముగ్గు వేశారనుకోండి. ఒక మూలనున్న పువ్వు పక్కకి జరిగితే బాగుంటుందనిపించింది. వాకిలంతా కడిగి మళ్ళీ మొదటి చుక్కనుంచి వేస్తారా? వెయ్యరు. పువ్వున్న చోటు తడిగుడ్డతో తుడుస్తారు. ఆ తుడుపులో పక్కనున్న మెలిక కొంత చెరిగిపోతే, ఆ ముక్క మళ్ళీ కలుపుతారు. తర్వాత కొత్త చోట పువ్వు వేస్తారు. తెర మీద జరిగేది కూడా సరిగ్గా ఇదే. మన చెయ్యి దానంతటది చేసుకుపోయే పనిని కంప్యూటరుకి అంకెల్లో చెప్పాలి, అంతే తేడా.

తెరంటే చుక్కల ముగ్గే. ఆ చుక్కల్ని పిక్సెళ్ళంటారు. ఈ రోజుల్లో మామూలుగా కనిపించే తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. హెచ్చవేస్తే 20 లక్షల 73 వేల 600. మౌసు కదిలినప్పుడల్లా అన్నిటినీ మళ్ళీ నింపాలంటే ఎంత చాకిరీ! నెమ్మదైన పాత యంత్రమైతే పువ్వు మన చేతివెంట రాకుండా ఈడ్చుకుంటూ వస్తుంది. అంచేత ప్రోగ్రాం ఏ మేర మారిందో ఆ మేరకే లెక్క కడుతుంది. ఆ మేరని ఇంగ్లీషువాళ్ళు డర్టీ రెక్టాంగిల్ అన్నారు. మన భాషలో "మాసిన గడి" అనుకుందాం.

ఇక లెక్కలోకి వద్దాం. మన పువ్వు వెడల్పు 100 చుక్కలు, ఎత్తు 100 చుక్కలు. ఎడమ అంచు 200 దగ్గర, కుడి అంచు 300 దగ్గర వున్నాయి. దాన్ని కుడివైపుకి 30 చుక్కలు జరిపాం. ఇప్పుడది 230 నుంచి 330 దాకా వుంది. మాసిన గడి ఏది? కొత్త చోటు ఒక్కటేనా? కాదు. పువ్వు వదిలిపోయిన చోటు కూడా మాసినట్టే. రెండూ కలుపుకుంటే 200 నుంచి 330 దాకా, అంటే 130 వెడల్పు, 100 ఎత్తు.

ఇక్కడితో అయిపోలేదు. పువ్వు గీసిన గీతకి లావు వుంటుంది కదా! గీత లావు 6 చుక్కలైతే, సగం లోపలికి, సగం బయటికి పోతుంది. అంటే అంచు దాటి 3 చుక్కలు. గీత నునుపుగా కనబడటానికి అంచున లేతరంగు అద్దుతారు, దానికింకో చుక్క. మొత్తం నాలుగు వైపులా నాలుగేసి చుక్కలు వదలాలి. అప్పుడు గడి 138 వెడల్పు, 108 ఎత్తు అవుతుంది. హెచ్చవేస్తే 14,904 చుక్కలు. తెర మొత్తంతో పోలిస్తే సుమారు 140వ వంతు. పని ఎంత తగ్గిందో చూశారా!

జాకెట్టు గుడ్డ కత్తిరించేటప్పుడు కొలతకి సరిగ్గా కత్తెర వెయ్యం. కుట్టుకి వదిలి వేస్తాం. ఇదీ అలాంటిదే. బొమ్మని పెద్దది చేసి చూస్తున్నప్పుడు అంచు 200 మీద కాక 200.4 దగ్గర పడచ్చు, అవతలి అంచు 300.6 దగ్గర పడచ్చు. అప్పుడు ఎడమ అంచుని 200కి, కుడి అంచుని 301కి, ఎప్పుడూ బయటివైపుకే జరపాలి. నక్షత్రం మొనల్లాంటి సూది మూలలుంటే గీత లావులో సగం కంటే ఎక్కువే బయటికి పొడుచుకొస్తుంది. బొమ్మకి నీడ పెట్టి వుంటే ఆ నీడనీ గడిలో కలుపుకోవాలి.

గడి తేలాక గీయడం మొదలు. ముందు ఆ గడి వరకే రంగు పడేలా కట్టడి చేస్తారు, గోడకి బోర్డరు వేసేవాడు పక్కన కాయితం అంటించుకున్నట్టు. తర్వాత అడుగునున్న నేపథ్యం రంగు. ఆ పైన ఆకు, ఆ పైన కాడ, అన్నిటికన్నా పైన పువ్వు. అడుగునుంచి పైకి ఏ వరసలో పేర్చామో ఆ వరసలోనే గీయాలి, లేకపోతే పువ్వు మీదికి ఆకు వచ్చి కూర్చుంటుంది. గడిని తాకని బొమ్మల్ని ముట్టుకోనక్కరలేదు. ఇదంతా తెర మీద కాకుండా చాటున ఒక పలక మీద గీసి, పూర్తయ్యాక ఒక్కసారి తెరకెక్కిస్తే కంటికి మినుకుమినుకు కనబడదు.

ఇంకో చిక్కుంది. పువ్వుని పై ఎడమ మూలనుంచి కింది కుడి మూలకి మార్చామనుకోండి. రెండు చోట్లనీ కలుపుకునే ఒకే గడి గీస్తే దాదాపు తెరంతా అవుతుంది. మాసినవేమో రెండు చిన్న మూలలు! అప్పుడు రెండు గడుల్ని వేరువేరుగా గుర్తుపెట్టుకోవాలి. ఒక్కొక్కటి 108కి 108. రెండూ కలిపినా 23,328 చుక్కలే. హాల్లో ఈ మూల కాఫీ, ఆ మూల చారు ఒలికితే రెండు చోట్లా తుడుస్తాం గాని మధ్య గచ్చంతా తుడవం కదా! అలాగని వందల గడులు పోగేసుకుంటే వాటి లెక్కే పెద్ద పనైపోతుంది. కాబట్టి దగ్గరదగ్గరగా వున్నవాటిని కలిపేసి, దూరంగా వున్నవాటిని విడిగా వుంచుతారు.

మా వీధిలో ఒకమ్మాయి మగ్గం డిజైన్లు గీసి షాపులకిస్తుంది. ఆ మధ్య ఓ సాయంత్రం పరుగెత్తుకొచ్చింది. "పిన్నిగారూ, పొద్దుటినుంచి వేసిందంతా పాడైంది. నెమలిని జరిపితే వెనకాల గీతలు గీతలుగా మిగిలిపోయాయి. రేపు ఇవ్వాలి. తీసేసి మొదటినుంచి వేస్తాను" అంది. "ఆగమ్మా, తీసెయ్యకు. బొమ్మని ఒకసారి పెద్దది చేసి, మళ్ళీ మామూలుగా చూడు" అన్నాను. చూసింది. గీతలన్నీ మాయం! డిజైను చెక్కుచెదరలేదు.

జరిగిందేమిటంటే, ఆ ప్రోగ్రాం మాసిన గడిని గీత లావు కలుపుకోకుండా చిన్నదిగా లెక్కకట్టింది. నెమలి వదిలిన అంచులు తుడుపులోకి రాలేదు. బొమ్మల జాబితా ప్రోగ్రాం జ్ఞాపకంలో భద్రంగానే వుంది, తెర మాత్రం పాతది చూపిస్తోంది. బొమ్మని పెద్దది చేస్తే కనబడే మేరంతా కొత్తగా గీయక తప్పదు, అందుకని మరకలు పోయాయి. అసలు కిటుకు ఇక్కడే వుంది. గడి కాస్త పెద్దదైతే కొంచెం పని ఎక్కువవుతుంది, అంతే. ఒక్క చుక్క చిన్నదైనా తెర అబద్ధం చెబుతుంది. ఆ అబద్ధం నమ్మి ఓ ఆడకూతురు రోజంతా పడ్డ శ్రమని చేతులారా చెరిపేసుకోబోయింది.

ఈ లెక్కకి గొప్ప చరిత్ర వుంది. అమెరికాలో బిల్ అట్కిన్సన్ అనే ఇంజనీరు ఆపిల్ కంపెనీలో లిసా, మెకింటోష్ కంప్యూటర్లకి క్విక్‌డ్రా అనే బొమ్మల పనిముట్టు తయారు చేశాడు. 1984లో మెకింటోష్‌తో పాటు వచ్చిన మాక్‌పెయింట్ అనే చిత్రలేఖన ప్రోగ్రాం కూడా ఆయనదే. ఆ మెకింటోష్ తెర 512కి 342 చుక్కలు, అంతా నలుపు తెలుపే. జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు. అంత కొద్దిపాటి సరంజామాతో కిటికీలు ఒకదాని మీద ఒకటి పడి వున్నా, పైది జరిపితే కిందిది బయటపడ్డంత మేరే గీయాలి. ఆ మేర అన్నిసార్లూ నాలుగు మూలల గడిగా వుండదు. మెట్లుమెట్లుగా, వంకరటింకరగా వుంటుంది.

దానికాయన రీజియన్ అనే పద్ధతి కట్టాడు. ఒక్కో వరసలో ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రాసుకుంటుంది. కింది వరస పై వరసలాగే వుంటే మళ్ళీ రాయదు, మారిన చోటే రాస్తుంది. స్వెట్టరు అల్లిక పుస్తకంలో "పై వరసలాగే ఇంకో పది వరసలు" అని వుంటుంది చూడండి, ఆ పొదుపే ఇక్కడా.

తోటి ఇంజనీరు ఆండీ హెర్ట్‌జ్‌ఫెల్డ్ ఒక ముచ్చట రాసిపెట్టాడు. అట్కిన్సన్ ఒకనాడు కారు ప్రమాదంలో తలకి గట్టి దెబ్బ తగిలి ఆసుపత్రిలో పడ్డాడు. స్టీవ్ జాబ్స్ చూడ్డానికి పరుగెత్తుకు వెళితే, కంగారు పడకు, రీజియన్ల సంగతి నాకింకా గుర్తుంది అన్నాడట. ఆ చిన్న లెక్క మీద ఎంత పని ఆధారపడి వుందో దీన్నిబట్టే తెలుస్తుంది. 2010లో మాక్‌పెయింట్, క్విక్‌డ్రాల మూలరచనని కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం అందరికీ అందుబాటులో పెట్టింది. 2025 జూన్‌లో అట్కిన్సన్ కన్నుమూశాడు.

ఇప్పటి యంత్రాలు బాగా వేగమైనవి. చాలా ఆటల్లో ప్రతిసారీ తెరంతా కొత్తగానే గీస్తారు. అయినా ఈ లెక్క పాతబడలేదు. ఒక డిజైనులో వేలకొద్దీ పూసలు, జరీ కుట్లు వుంటే వాటన్నిటినీ ప్రతిసారీ గీయడం యంత్రానికి ఇప్పటికీ భారమే. సెల్‌ఫోన్లో గీయడం ఎంత తగ్గితే బ్యాటరీ అంత నిలుస్తుంది.

కాబట్టి అమ్మలూ, తెర మీద బొమ్మ చెదిరినట్టు కనిపిస్తే వెంటనే చెరిపెయ్యకండి. ముందు దాచే బొత్తాం నొక్కి పని భద్రం చేసుకోండి. తర్వాత బొమ్మని పెద్దది చేసి, చిన్నది చేసి చూడండి. మరక పోతే అది ప్రోగ్రాం తుడుపులో లోపం, మీ పనికి ఢోకా లేదు. అప్పటికీ పోకపోతే అది నిజంగానే బొమ్మలో వున్న గీత. అప్పుడు నిదానంగా దిద్దుకోవచ్చు.

మళ్ళీ వచ్చే ప్రసంగంలో కలుసుకుందాం. అంతవరకు సెలవు.