ఆసుపత్రి పద్దు – మన అనుమానం

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



పాలవాడి లెక్క, చాకలి పద్దు, చీటీపాటల గురించి ఈ కార్యక్రమంలో చాలాసార్లు ముచ్చటించుకున్నాం. ఈవేళ ఆసుపత్రి పద్దు గురించి చెబుదామనుకుంటున్నాను. నేను డాక్టరును కాను, లెక్కలు చదివినదాన్నీ కాను. పదో తరగతితో చదువు ఆపేసి ప్రొద్దుటూరులో కాపురం చేసుకుంటున్న ఇల్లాలిని. అయితే ఈ లెక్క తెలియకపోవడం వల్ల మా ఇంట్లో ఒక నష్టం జరిగింది. అందుకే తెలిసినవాళ్ళను అడిగి, చదివి, తెలుసుకున్నంత వరకు మీ ముందు పెడుతున్నాను.

కరోనా రోజులు మీకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. 2020లోనూ 2021లోనూ ఏ నలుగురు ఆడవాళ్ళు కలిసినా ఒకటే మాట. "ఆసుపత్రికి పోతే చాలు, కరోనా అని రాసేస్తారంట. రాస్తే వాళ్ళకు గవర్నమెంటు డబ్బిస్తుందంట. మనిషి పోతే ఇంకా ఎక్కువంట." ఈ 'అంట' ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు. జమ్మలమడుగు బస్సులో విన్నాం, పులివెందుల చుట్టాలు ఫోనులో చెప్పారు, మా వీధి కుళాయి దగ్గరా అదే. నేను కూడా నలుగురికి చెప్పాను. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం అదే.

2021 మే నెలలో జమ్మలమడుగు పక్క పల్లెలో ఉన్న మా చిన్నత్తకు, అంటే మా అత్తగారి చెల్లెలికి, జ్వరం పట్టుకుంది. ఫోను చేస్తే, "ఆసుపత్రికి వద్దమ్మా, ఆడికి పోతే మనల్ని లెక్కలో రాసుకుంటారంట" అంది. నేనేమన్నానో తెలుసా? "అవునత్తా, నాలుగు రోజులు కషాయం తాగి చూడు" అన్నాను. ఆ నాలుగు రోజులు ఐదయ్యాయి. ఐదోరోజు వేలికి పెట్టే మిషనులో 82 చూపించింది. అప్పుడు కారు మాట్లాడుకుని పరుగెత్తాం. మొదట ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు తీసుకెళ్ళాం. చేర్చుకునే ముందే అడ్వాన్సు కట్టమన్నారు. రెండు రోజుల తర్వాత చేతికిచ్చిన బిల్లు తెల్లకాగితం ముక్క. గది ఇంత, మందులు ఇంత, చివర 'ఇతరములు' ఇంత. అన్నిటికంటే పెద్ద మొత్తం ఆ 'ఇతరముల'దే. డబ్బు చాలక గవర్నమెంటు ఆసుపత్రికి మార్చాం. అక్కడ మంచం దొరికింది, ఆక్సిజన్ పెట్టారు. మూడోనాడు ఆమె పోయింది. అక్కడి డాక్టరమ్మ తిట్టలేదు. "ఐదు రోజుల ముందు ఎందుకు తేలేదమ్మా?" అని మాత్రం అడిగింది. జవాబు నా దగ్గరే ఉంది, కానీ చెప్పలేకపోయాను.

ఆ తెల్లకాగితం చూస్తే మా అనుమానం నిజమేననిపిస్తుంది. డాక్టరమ్మ మాట వింటే ఆ అనుమానమే మనిషిని తీసుకుపోయిందనిపిస్తుంది. రెండూ నిజమే. ఈ రెంటినీ విడదీసి చూడటం ఎలాగో తెలియకనే మనం చెడిపోయాం.

ముందు ఆసుపత్రికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. ఆసుపత్రులన్నీ ఒకలాంటివి కావు.

గవర్నమెంటు ఆసుపత్రికి డబ్బు ఖజానా నుంచి, అంటే మనం కట్టే పన్నుల నుంచి వస్తుంది. అక్కడి డాక్టరుకు, నర్సుకు జీతం నెలకింత అని ముందే నిర్ణయం. రోగులు పదిమంది వచ్చినా వందమంది వచ్చినా అదే జీతం. కరోనా అని రాసినంత మాత్రాన జేబులోకి వచ్చేదేమీ లేదు, వచ్చేది చాకిరీ మాత్రమే. పైగా మొదటి రోజుల్లో పరీక్ష ఫలితం ఇచ్చింది ఎక్కువగా ప్రభుత్వ ల్యాబులే గాని మంచం పక్కనుండే డాక్టరు కాదు.

ప్రైవేటు నర్సింగ్ హోము సంగతి వేరు. భవనానికి బ్యాంకు అప్పు, మిషన్లకు వాయిదాలు, నర్సులకు జీతాలు, కరెంటు, జనరేటరు. రోగులు వచ్చినా రాకపోయినా ఈ ఖర్చు ఆగదు. రెండొందల విస్తళ్ళకు వండించి యాభైమందే భోజనానికి వస్తే పెళ్ళివారికి ఖర్చు తగ్గుతుందా? ఇదీ అంతే. డాక్టరు ఫీజు ఒక్కదానితో ఇంత బండి నడవదు. మందుల అంగడి, ల్యాబు, స్కానింగు, ఆపరేషన్లు, వీటన్నిటి మీద వచ్చే ఆదాయంతో నడుస్తుంది.

మూడోది ధర్మాసుపత్రి. ఇది మన ప్రాంతానికి కొత్త కాదు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు పెట్టిన క్యాంబెల్ ఆసుపత్రి ఉంది. మన జేజెమ్మల కాలంలో పురుడంటే, కంటి జబ్బంటే బండ్లు కట్టుకుని అక్కడికే పోయేవారు. డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి వైద్యం చదివి వచ్చాక కొంతకాలం ఆ మిషన్ ఆసుపత్రిలోనే పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరిట 70 పడకల ఆసుపత్రి పెట్టారు. రూపాయికీ రెండు రూపాయలకీ వైద్యం చేశారని ఆ పక్క పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కొన్నేళ్ళ కిందట కడపలో ఒక యువ వైద్యురాలు 10 రూపాయల ఫీజుకు చూస్తున్నారని పత్రికలన్నీ రాశాయి.

ఇక్కడే మనం పొరబడతాం. రెండు రూపాయలకు వైద్యం అంటే ఆ వైద్యానికి అయిన ఖర్చు రెండు రూపాయలని కాదు. మిగతాది ఇంకెవరో భరించారని. మిషన్ ఆసుపత్రికి దూరదేశాల చందాలు, ఇంకొకచోట ఆ కుటుంబం సొమ్ము, గవర్నమెంటు ఆసుపత్రిలో మనందరి పన్ను. వైద్యం ఏనాడూ ఉచితం కాదు. ఎవరు కడుతున్నారన్నదే తేడా.

ఈ మూడింటికీ మధ్య ఇంకొక దారి వచ్చింది. అది ఆరోగ్యశ్రీ. 2007లో మూడు జిల్లాల్లో మొదలుపెట్టి తర్వాత రాష్ట్రమంతా పెట్టారు. ఇప్పుడు దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. రోగి కార్డు చూపిస్తాడు, ప్రైవేటు ఆసుపత్రి వైద్యం చేస్తుంది, డబ్బు ప్రభుత్వం తర్వాత ఇస్తుంది. ఆ 'తర్వాత' అన్న మాటలోనే చిక్కంతా ఉంది. అనుమతి రావాలి, కాగితాలు పోవాలి, బిల్లు మంజూరు కావాలి. 2024లోనూ 2025లోనూ బకాయిలు పేరుకుపోయాయని ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవలు ఆపిన సందర్భాలు ఉన్నాయి. కార్డు చూపించగానే కొన్నిచోట్ల ముఖం చిట్లించడానికి ఇది ఒక కారణం. కారణం ఉన్నంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు, అది వేరే మాట.

ఇప్పుడు ఆ 'అంట' దగ్గరికి వద్దాం. అందులో ఒక గింజంత నిజం ఉంది. 2020లో మన రాష్ట్రంలో కరోనా వైద్యాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చారు. ఆ జులైలో రేట్లు కూడా నిర్ణయించారు. మామూలు స్థితిలో ఉన్న రోగికి రోజుకు 3,250 రూపాయలు, ఐ.సి.యు.లో వెంటిలేటరు మీద ఉంటే రోజుకు 9,580. మరుసటి ఏడు మే నెలలో వాటిని పెంచి, పథకంలో ఉన్న ఆసుపత్రులు సగం పడకలు కార్డు రోగులకు కేటాయించాలన్నారు. అంటే ప్రభుత్వం డబ్బు ఇచ్చిన మాట నిజం. కాని అది మంచం మీద పడుకోబెట్టి వైద్యం చేసినన్ని రోజులకు లెక్కగట్టి ఇచ్చింది. కరోనా అని రాసినందుకు కాదు, మనిషి పోయినందుకు అసలే కాదు. రోజుల లెక్కకు ఇచ్చే డబ్బు మనిషి పోయిన నాటితో ఆగిపోతుంది కదా!

ఈ పుకారు మన ఊళ్ళలోనే పుట్టలేదు సుమండీ. అమెరికాలోనూ ఇదే మాట అన్నారు. 2020 మార్చిలో అక్కడొక చట్టం చేసి, మెడికేర్ అనే వృద్ధుల పథకంలో ఉన్న కరోనా రోగుల వైద్యానికి 20 శాతం ఎక్కువ చెల్లించారు. "అందుకే దొంగ లెక్కలు రాస్తున్నారు" అని జనం అనుకున్నారు. నిజానికి ఆ కాలంలో వాయిదా వేయగలిగిన ఆపరేషన్లన్నీ ఆపేశారు, మామూలు రోగులు భయపడి గడప తొక్కలేదు. ఒక్క మార్చి నుంచి జూన్ వరకే తమకు 20 వేల కోట్ల డాలర్లకు పైగా నష్టమని అక్కడి ఆసుపత్రుల సంఘం అంచనా కట్టింది. మన దగ్గరా లాక్‌డౌన్‌లో ఎన్ని చిన్న నర్సింగ్ హోములకు తాళాలు పడ్డాయో మనం చూశాం.

అలాగని అందరూ ధర్మరాజులేనని నేననడం లేదు. 2021 మేలో మన రాష్ట్రంలో విజిలెన్సు అధికారులు ఆసుపత్రులు తనిఖీ చేసి, ఎక్కువ వసూలు చేసినవారి మీద కేసులు పెట్టారు. అదే నెల 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ తగ్గి, అధికారుల లెక్క ప్రకారమే 11 మంది పోయారు. అది గవర్నమెంటు ఆసుపత్రి. అక్కడ ఎవరికీ లాభాపేక్ష లేదు, అయినా ప్రాణాలు పోయాయి. నమ్మకం చెడటానికి డబ్బు ఒక్కటే కారణం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

నమ్మకం పోతే జనం ఏం చేస్తారు? ఇంకొక దారి వెతుక్కుంటారు. ఆ మే నెలలోనే మన పొరుగున నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య గారి మందుకోసం వేలమంది ఎగబడ్డారు. ఉచితంగా ఇచ్చారు, ఆప్యాయంగా ఇచ్చారు. కంట్లో వేసే చుక్కలకు ఇవ్వకుండా, కొన్ని రకాల మందుకు నెలాఖరుకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. హాని లేదన్నారు గాని, జబ్బు నయమవుతుందని రుజువు కాలేదు. జనాన్ని అక్కడికి నడిపించింది మందు మీద నమ్మకం సగమైతే, ఆసుపత్రి బిల్లు మీద భయం సగం. ఇది ఈనాటిదీ కాదు. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు, ఆసుపత్రిలో మనుషులను చంపేస్తున్నారన్న పుకారు విని మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆసుపత్రి మీదికే దండెత్తారు.

సరే, మరి మనం చేయగలిగినదేమిటి?

మన ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళకు పెట్టింది పేరు. అక్కడ గాజులు కొనేటప్పుడు మనం ఎలా ఉంటాం? తూకం మన కళ్ళముందే వేయమంటాం. తరుగు ఎంత, మజూరీ ఎంత అని గుచ్చి గుచ్చి అడుగుతాం. అంగడాయన ఏమీ అనుకోడు. మనమూ అతన్ని దొంగ అనుకోం. అడగటం, చెప్పటం అక్కడ మర్యాద. ఆసుపత్రిలో మాత్రం అడగటానికి భయపడి, బయటికొచ్చి శాపనార్థాలు పెడతాం. అక్కడ కూడా అడగటం మర్యాదే కావాలి.

అడిగే హక్కు మనకుంది కూడా. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేయగా 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ వెల్లడించిన రోగుల హక్కుల పత్రం ఒకటుంది. అందులో 17 హక్కులు చెప్పారు. ఏ వైద్యానికి ఎంత రేటో తెలుసుకునే హక్కు, వివరంగా రాసిన బిల్లు తీసుకునే హక్కు, కేసు కాగితాల నకలు తీసుకునే హక్కు, మందులు ఎక్కడ కొనాలో మనమే నిర్ణయించుకునే హక్కు అందులో ఉన్నాయి. డబ్బు తగాదా ఉందని రోగిని గాని, చనిపోయినవారి శరీరాన్ని గాని ఆపి ఉంచకూడదని కూడా ఉంది.

కాబట్టి ఇంట్లో అందరూ బాగున్నప్పుడే కొన్ని పనులు చేసిపెట్టుకోండి. కార్డు ఎక్కడుందో, అందులో అందరి పేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. దగ్గరలో ఏ ఆసుపత్రి ఆ పథకంలో ఉందో తెలుసుకోండి. అలాంటి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర, లేదా వైద్యమిత్ర అనే ఉద్యోగి ఒకరుంటారు, ముందు వారిని కలవండి. కార్డు తీసుకోమంటే 104కు ఫోను చేయండి. చేర్చేటప్పుడే రోజుకు సుమారు ఎంతవుతుందో అడగండి. ఏ పూటకాపూట కట్టినదానికి రశీదు తీసుకుని ఒక సంచిలో వేసుకోండి. రోగి దగ్గర కూర్చున్నవారు కాక, ఇంకొకరు ఈ లెక్క చూడాలి. 'ఇతరములు' అని రాస్తే, "ఆ ఇతరములు ఏమిటో రాసివ్వండి సార్" అని నెమ్మదిగా, గొంతు పెంచకుండా అడగండి.

ఆసుపత్రి పెద్దలు ఎవరైనా ఈ మాటలు వింటుంటే వారికి కూడా ఒక మనవి. రేట్ల పట్టిక గోడకు అందరికీ కనబడేటట్టు తెలుగులో పెట్టండి. మీ ఖర్చులు మీకున్నాయని మాకు తెలుసు. దాచిపెట్టిన లెక్కను ఎవరూ నమ్మరు. మీరు చెప్పని లెక్కను బస్సులో ఎవడో చెబుతాడు, మేము దాన్నే నమ్ముతాం.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి. బిల్లు మీద అనుమానం వేరు, జబ్బు మీద అనుమానం వేరు. బిల్లు మీద ఎంత అనుమానమైనా పడండి, తగాదా పెట్టుకోండి, ఫిర్యాదు చేయండి. ఆ తగాదా వారం తర్వాతైనా తీర్చుకోవచ్చు. ఊపిరి ఆడనప్పుడు మాత్రం ముందు ఆసుపత్రికి వెళ్ళండి, పైసా చేతిలో లేకపోతే గవర్నమెంటు ఆసుపత్రికైనా వెళ్ళండి. "కషాయం తాగి చూడు" అని ఫోనులో ఎవరికీ చెప్పకండి. నేను చెప్పాను. ఇప్పటికీ జమ్మలమడుగు వైపు పోయినప్పుడల్లా ఆ మాటే గుర్తుకొస్తుంది.