గుండెలో గుడిహత్నూరు

హైదరాబాదు నుంచి ఆదిలాబాదు పోయే బస్సెక్కినవారికి గుడిహత్నూరు చౌరస్తా తెలిసేవుంటుంది. నిర్మలు, నేరడిగొండ, ఇచ్చోడ దాటివచ్చిన పెద్దరోడ్డు అక్కడినుంచి తిన్నగా ఆదిలాబాదుకు సాగిపోతుంది. కుడిచేతివైపు చీలిన దారి ఇంద్రవెల్లి మీదుగా ఉట్నూరు చేరుతుంది. ఆ చౌరస్తాలో పెద్దరోడ్డు బాగుచేస్తున్నారనుకోండి. తవ్విన మట్టి, కంకర అంతా తీసుకువెళ్ళి ఉట్నూరు దారి మొదట్లో కుప్పపోశారనుకోండి. ఆదిలాబాదు బస్సులు హాయిగా పోతాయి. ఉట్నూరు బస్సు మాత్రం ఆగిపోతుంది.

ఈ చౌరస్తా గొడవ యిప్పుడెందుకంటారా? మా బావగారి గుండెలో సరిగ్గా యిటువంటి చోటే రక్తనాళం పూడుకుపోయింది.

బావగారు ఉట్నూరులో ముప్ఫయి యేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మెట్లెక్కితే ఛాతీ బరువెక్కడం మొదలై మూడు నెలలైనా, అది గ్యాసేనని తీర్మానించుకుని సోడాలు తాగుతూ కూర్చున్నారు. మా అక్కయ్య ఆ తీర్మానాన్ని ఒప్పుకోలేదు. సుమారు మూడువందల కిలోమీటర్లు కారులో కూర్చోబెట్టి హైదరాబాదు తీసుకువచ్చింది. యాంజియోగ్రామ్ తీశారు. డాక్టరుగారు మమ్మల్ని లోపలికి పిలిచి కాగితంమీద ఒక గీత గీసి, దానికి పక్కనుంచి కొమ్మలా మరొక గీత గీశారు.

"గుండె ముందుభాగానికి దిగే పెద్దనాళం యిది. దీనినుంచి పక్కకు చీలే కొమ్మ యిది. చీలే చోటనే కొవ్వు పేరుకున్నది. పెద్దనాళంలో ఒక స్టెంటు వేస్తాను. కొమ్మను కనిపెట్టి చూస్తాను. అవసరమైతేనే రెండవది. రెండింటికీ ఒప్పుకున్నట్టు సంతకం చేయండి, సార్" అన్నారు.

బయటికి రాగానే అక్కయ్య నన్ను పక్కకు లాగింది. "ఒకటేస్తరో రెండేస్తరో ముందే చెప్పరాదా, తమ్మీ? ఆ కుర్చీల కూసున్నాయన తమ్మునికి రెండేసిండ్రట. మనకు ఒక్కటేసి సగం వైద్యం చేసి పంపుతరా ఏంది?"

నిజం చెప్పొద్దూ, నాకూ అదే సందేహం కలిగింది. రెండు దారులు పూడుకున్నప్పుడు రెండూ తవ్వాలనేది లోకంలో ఎవరికైనా తోచే న్యాయమే. కాని గుండె విషయంలో ఆ న్యాయం అంత సులువుగా నిలబడలేదు.

మూసుకున్న నాళంలోకి సన్నని గొట్టంతో బెలూను పంపి, ఉబ్బించి దారి తెరవడం 1977 లో జూరిచ్ నగరంలో గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు మొదలుపెట్టాడు. తెరిచిన దారి మళ్ళీ ముడుచుకుపోకుండా లోహపు వలలాంటి చిన్న గొట్టాన్ని లోపలే వదిలివేయడం 1986 లో ఫ్రాన్సు, స్విట్జర్లాండులలో ఆరంభమైంది. అదే స్టెంటు. మన హైదరాబాదులో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి 1990 లలో చవక స్టెంటు తయారుచేయించిన సంగతి పాఠకులలో చాలామందికి గుర్తుండేవుంటుంది. 2002, 2003 నాటికి మందు పూసిన స్టెంట్లు వచ్చాయి.

తిన్నని నాళంలో యిదంతా బాగానే సాగుతుంది. చీలికలోనే చిక్కు. పెద్దనాళంలో స్టెంటు విచ్చుకున్నప్పుడు రెండు దారుల మధ్యనున్న గట్టు కొమ్మవైపు జరుగుతుంది. కొవ్వు కూడా కొంత అటు ఒత్తుకుంటుంది. దానితో కొమ్మ మూతి సన్నబడుతుంది. పైగా ఆ మూతికి అడ్డంగా స్టెంటు వల, కిటికీ ఊచల్లా నిలుస్తుంది. అందుకే డాక్టర్లు ముందుగానే కొమ్మలోకి ఒక తీగె పంపి వుంచుతారు. మరొక చిక్కున్నది. చీలికకు ముందు నాళం లావు, చీలిన తరువాత సన్నం. సన్నని భాగానికి సరిపోయే స్టెంటు వేసి, పైభాగాన్ని లావుపాటి పొట్టి బెలూనుతో మళ్ళీ వెడల్పు చేస్తారు. కావలసివస్తే రెండు దారుల్లో రెండు బెలూన్లు పక్కపక్కన ఒకేసారి ఉబ్బిస్తారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'ముద్దు బెలూన్లు'. డాక్టర్లలో రసికులు లేరని ఎవరన్నారు?

ఇక రెండు స్టెంట్ల పద్ధతులు ఒకటి కాదు. కొన్నిటిలో ఒకదానికి ఒకటి ఆనించి కూరుస్తారు. మరొక పద్ధతిలో రెండు కాళ్ళ లాగులాగా తొడుగుతారు. ఇంకొకదానిలో కొమ్మ స్టెంటు తలభాగాన్ని పెద్దనాళం గోడకు నలగ్గొట్టి, దానిపై రెండవ స్టెంటు వేస్తారు. చూడడానికి పని సంపూర్ణంగానే కనిపిస్తుంది. కాని చీలిక దగ్గర లోహం పొరలు పొరలుగా పేరుకుంటుంది. పొర గోడకు అతుక్కోని చోట రక్తం గడ్డకట్టే భయం వున్నది. పని ఆలస్యమవుతుంది, రంగుమందు, ఎక్స్‌రే కిరణాలు ఎక్కువ పడతాయి.

రెండు పద్ధతులనూ పోల్చి చూసినవారున్నారు. 2006 లో ఉత్తర ఐరోపా డాక్టర్లు 413 మందిని రెండు వర్గాలు చేశారు. ఆరునెలల తరువాత చూస్తే మంచిచెడ్డలు యించుమించు సమానం. కాని పని జరిగేటప్పుడు గుండె కండరానికి కొద్దిపాటి దెబ్బ తగిలిన సూచనలు ఒక స్టెంటు వర్గంలో నూటికి 8 మందిలో కనిపిస్తే, రెండు స్టెంట్ల వర్గంలో 18 మందిలో కనిపించాయి. 2010 లో బ్రిటనులో 500 మందిమీద జరిగిన పరీక్షలోనూ సులువైన పద్ధతిదే పైచేయి.

అన్ని చీలికలూ ఒకటి కావు సుమా! గుండె ఎడమభాగానికంతటికీ రక్తం అందించే మూలనాళం చీలేచోట ఏ కొమ్మా చిన్నకొమ్మ కాదు. అక్కడ చైనాలోని నాన్‌జింగ్ డాక్టర్లు, నలగ్గొట్టి రెండుసార్లు ముద్దు బెలూన్లు వాడే తమ పద్ధతిని 482 మందిపై పరీక్షించి, 2017 లో ఫలితం చెప్పారు. ఏడాదిలో మళ్ళీ యిబ్బంది వచ్చినవారు వారి పద్ధతిలో నూటికి 5, ఒక స్టెంటుతో మొదలుపెట్టిన వర్గంలో సుమారు 11. ఐరోపావారు 2021 లో 467 మంది మూలనాళం రోగులలో చూస్తే ఆ తేడా కనబడలేదు. వాదం యింకా తెగలేదు. నా మట్టుకు నాకు తోచేదేమంటే, కొమ్మ లావుగా వుండి, వ్యాధి దానిలో చాలా దూరం పాకివుంటే రెండవ స్టెంటును ముందే అనుకోవడం న్యాయం; సన్నని కొమ్మకోసం చౌరస్తానంతా లోహంతో నింపడం అనవసరం.

బావగారిది ఏ రకం? కొమ్మ వెడల్పు రెండు మిల్లీమీటర్లకు కాస్త పైన. మణికట్టు దగ్గరనుంచి తీగె పంపి ఒక స్టెంటు వేశారు. తెరమీద చూస్తే డాక్టరుగారు అన్నంతా అయింది. కొమ్మ మూతి నొక్కుకుపోయి కనిపించింది. నా గుండె గుభేలుమన్నది. ఆయన కంగారుపడలేదు. ఒత్తిడి కొలిచే తీగెను కొమ్మలోకి పంపారు. ఇరుకుకు అవతలి ఒత్తిడి యివతలి దానిలో 0.80 కి మించి వుంటే రక్తం చాలినంత పోతున్నట్టే లెక్క. అది 0.86 చూపింది. 2005 లో కొరియా డాక్టర్లు యిట్లాగే బాగా నొక్కుకున్నట్టు కనిపించిన 73 కొమ్మలను కొలిస్తే, నిజంగా రక్తం కొరవడినవి 20 మాత్రమే. కంటికి కనిపించే యిరుకు వేరు, కండరానికి తెలిసే యిరుకు వేరు అన్నమాట. రెండవ స్టెంటు వేయలేదు.

"ఆరు మార్కులు ఎక్కువొచ్చి పాసయింది" అన్నారు బావగారు, మంచంమీదనుంచే. లెక్కల పంతులు గదా!

డబ్బు మాట కూడా చెప్పాలి. 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయలు గరిష్ఠధర కట్టడి చేసింది. ఆ తరువాత ఆ అంకె మారుతూ వచ్చింది. అంతకుముందు స్టెంటుకే లక్ష దాటిన బిల్లులు ఎన్నో కుటుంబాలు చూశాయి. బిల్లులో స్టెంటు ధర ఒక్కటే వుండదు గనుక, ఒకటా రెండా అన్నది మధ్యతరగతి యింట్లో చిన్న ప్రశ్న కాదు.

ఇంటికి పంపుతూ డాక్టరుగారు స్టెంటు గురించి రెండు ముక్కలే చెప్పారు. మాత్రల గురించి అరగంట చెప్పారు. ఆస్పిరిన్, దానితోపాటు రక్తం గడ్డకట్టనివ్వని మరొక మాత్ర. ఆరునెలలపాటు ఒక్కపూటకూడా రెండవదాన్ని ఆపవద్దు, ఆస్పిరిన్ ఎప్పటికీ ఆపవద్దు. కొత్త లోహంమీద పలుచని పొర పెరిగేవరకు ఆ మాత్రలే కాపలా. మందుల షాపులో ఎప్పుడైనా దొరక్కపోవచ్చునని అక్కయ్య రెండు నెలలవి ముందే కొని బియ్యం డబ్బాపక్కన దాచింది.

మూడోనెలలో బావగారికి పన్ను నొప్పి వచ్చింది. పీకించుకుందామని వెళితే, "రక్తం పలచబడే మాత్రలు ఐదురోజులు ఆపి రండి" అన్నారట. ఆయన సరేనని వచ్చి ఆ రాత్రి మాత్ర వేసుకోలేదు. అక్కయ్య డబ్బా తెరిచి లెక్కపెట్టి పట్టుకున్నది. అప్పటికప్పుడు హైదరాబాదుకు ఫోను చేసింది. "మాత్ర యిప్పుడే మింగించండి. పన్ను ఆగుతుంది, స్టెంటు ఆగదు" అన్నారట డాక్టరుగారు.

బావగారు మాత్ర మింగారు. గుడిహత్నూరు మీదుగా వారంలో రెండుసార్లు ఆదిలాబాదు వెళ్ళివస్తున్నారు, సోడాల జోలికి పోవడం లేదు. ఆ పన్ను యింకా ఆయన నోట్లోనే వున్నది.