కొచ్చిలో ఒక పగలు: అపోహలు – వాస్తవాలు

విహార నౌకలు కొచ్చిలో ఆగేది విల్లింగ్డన్ దీవి రేవులో. పేరున్న పాత రేవు కనుక ఓడలు అనాదిగా ఇక్కడికే వచ్చేవని ప్రయాణికులు అనుకుంటారు. నిజానికి ముఖద్వారానికి అడ్డంగా ఇసుకమేట ఉండడంతో 20వ శతాబ్దం మొదట్లో కూడా పెద్ద ఓడలు బయటి సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. 1920లో వచ్చిన ఆంగ్లేయ ఇంజనీరు రాబర్ట్ బ్రిస్టో ఆ మేటను తవ్వించాక, 1928 మే 26న 'పద్మ' అనే ఓడ లోపలి రేవులోకి ప్రవేశించింది. తవ్వి తీసిన మట్టితో పూడ్చి లేపిన నేలే ఈ దీవిలో అధిక భాగం.

రోమన్లు మిరియాలకు వచ్చిన రేవు కొచ్చి అన్న మాటా నిజం కాదు. ఆ రేవు ముచిరి. అది ఉత్తరాన కొడుంగల్లూరు ప్రాంతంలో ఉండేది. అక్కడికి దగ్గర్లో పట్టణం అనే పేరున్న పల్లెలో 2007 నుంచి జరిగిన తవ్వకాల్లో రోమన్ జాడీల ముక్కలు దొరికాయి. 1341 నాటి పెరియార్ వరదకు పాత రేవు పూడిపోయి, కొచ్చి దగ్గర సముద్రానికి కొత్త దారి పడిందని చరిత్రకారులు భావిస్తారు.

ఫోర్ట్ కొచ్చిలో కోట కోసం వెతకడం వృథా. 1503లో పోర్చుగీసువారు మొదలుపెట్టిన కోటను 1663లో డచ్చివారు పట్టుకుని కుదించారు. మిగిలినదాన్ని 1806లో బ్రిటిష్‌వారు కూల్చేశారు.

అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో వాస్కో డ గామా సమాధి చుట్టూ సందర్శకులు గుమిగూడతారు. ఆయన భారతదేశంలో తొలిసారి దిగింది కొచ్చిలోనే అని నమ్మేవారూ ఉన్నారు. 1498లో ఆయన చేరింది కోళికోడ్ తీరానికి. కొచ్చిలో 1524 డిసెంబరు 24న మరణించి, ఈ చర్చిలో ఖననమైన మాట నిజమే కానీ, 1539లో అస్థికలను పోర్చుగల్‌కు తరలించారు. ఇప్పుడు అవి లిస్బన్‌లోని జెరోనిమోస్ మఠంలో ఉన్నాయి. చర్చి నేలలో కనిపించేది సమాధిరాయి మాత్రమే.

ఒడ్డున వరసగా నిలిచిన చీనా వలలను చైనా నావికుడు జెంగ్ హే మనుషులు తెచ్చారన్నది బాగా ప్రచారంలో ఉన్న కథ. మకావు నుంచి పోర్చుగీసువారు తెచ్చారన్న వాదమూ ఉంది. ఏదీ తేలలేదు. తేటగా కనిపించేది వాటి పనితీరు: పొడవాటి దూలం మీద మనిషి ముందుకు నడిస్తే ఆ బరువుకు వల నీటిలో మునుగుతుంది. కాసేపటికి తాళ్లకు వేలాడే బండరాళ్ల బరువు సాయంతో నలుగురైదుగురు కలిసి దాన్ని పైకి లాగుతారు.

మట్టాంచేరి 'డచ్ ప్యాలెస్'ను కట్టింది డచ్చివారు కాదు. సమీపంలోని ఆలయాన్ని దోచుకున్నందుకు కోపించిన రాజు వీర కేరళ వర్మను శాంతపరచడానికి పోర్చుగీసువారు 1555 ప్రాంతంలో దీన్ని కట్టించి ఇచ్చారు. 1663లో డచ్చివారు మరమ్మతులు చేయించడంతో వారి పేరు నిలిచిపోయింది. కట్టడం మాత్రం కేరళ పద్ధతిలో నడిమి ముంగిలి చుట్టూ సాగుతుంది. ఆ ముంగిట్లో భగవతి గుడి ఉంది. హడావిడి పర్యటనల్లో పది నిమిషాల్లో దాటించేసే ఈ ప్యాలెస్‌లో తీరిగ్గా నిలబడవలసిన చోటు రాజు పడకగది. గోడల మీద దశరథుని పుత్రకామేష్టి మొదలు రాముని పునరాగమనం దాకా రామాయణ కథ పరుచుకుని ఉంటుంది. కావి ఎరుపు, పసుపు రంగుల్లో, పెద్ద పెద్ద కళ్లతో, ఖాళీ జాగా అన్నదే లేకుండా బొమ్మలు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలుస్తాయి. కొచ్చి అంటే ఐరోపావారి జాడలే అన్న అభిప్రాయం ఈ గదిలో నిలవదు.

పక్కనే ఉన్న పరదేశి సినగాగ్ 1568 నాటిది. భారతదేశంలో యూదుల తొలి ప్రార్థనా మందిరం ఇదేనని పొరబడతారు. స్పెయిన్ తదితర దేశాల నుంచి వచ్చినవారు దీన్ని కట్టుకున్నారు. మలబారు యూదులు అంతకు చాలా ముందే ఈ తీరంలో ఉన్నారు. 1344 నాటి కొచ్చంగాడి సినగాగ్ శిలాశాసనం ఈ మందిరం గోడలోనే ఉంది. నేల మీది నీలం-తెలుపు పలకలు 18వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చాయి. చేత్తో చిత్రించినవి కావడంతో ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. 1948 తర్వాత ఇక్కడి యూదుల్లో అత్యధికులు ఇజ్రాయెల్ వెళ్లిపోయారు.

ఓడ ఏ రోజు ఆగినా అన్నీ చూడవచ్చన్న నమ్మకమూ సరికాదు. శుక్రవారం ప్యాలెస్, సినగాగ్ రెండూ మూసి ఉంటాయి. శనివారం సినగాగ్ తెరవరు. ఓడ వారు ఏర్పాటు చేసిన యాత్ర ఆలస్యమైతే ఓడ సాధారణంగా ఆగుతుంది. సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు. రేవు నుంచి ఎదుటి ఒడ్డునే కనిపించే మట్టాంచేరికి రోడ్డున వెళ్లాలంటే తోప్పుంపడి వంతెన చుట్టి వెళ్లాలి కనుక, తిరుగు ప్రయాణానికి ఆ సమయాన్నీ లెక్కలో వేసుకోవాలి.